అసిరి తోడిన పడవ

దోమతెర అంచు పరుపు కిందకి దోపు ముందు. ఆ మూల కూడా. సరే, ఇప్పుడు పడుకో. ఊఁ కొట్టడం మానావంటే కథ ఆపేస్తాను, తర్వాత నా మీద పడి ఏడవకు.

అనగనగా ఊరంటూ అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఒక పాలెం. శ్రీకాకుళం వైపు, సముద్రం ఒడ్డున. పాలెం అంటే చేపలు పట్టేవాళ్ళ ఊరు. అక్కడ అసిరి అని ఒక పిల్ల ఉండేది. నీ అంతే ఉంటుంది, మొండితనంలో మాత్రం నీకన్నా రెండాకులు ఎక్కువే చదివింది. దానికి అమ్మ కాములు, నాన్న దానయ్య, నాన్నని కన్న మామ్మ. నాన్నని అది 'అయ్యా' అని పిలిచేది. ఆ పక్క అలాగే పిలుస్తారు, ఆడపిల్లనేమో 'గుంట' అంటారు.

అయ్యకి ఒక నీలం రంగు పడవ. తెల్లారేసరికి వేట నుంచి ఒడ్డుకొచ్చేవాడు. అప్పుడు అసిరి పరిగెత్తుకెళ్ళి పడవెక్కేది. అయ్య చేపలు దింపుతూ ఉంటే, అది పడవ అడుగున మిగిలిన నీళ్ళు తోడి పారబోసేది. అందుకని పడవలో ఒక సొట్టల గిన్నె ఉండేది.

"అడుగంటా తోడాల గుంటా," అనేవాడు అయ్య. "నీళ్ళు నిలవుంటే పడవకి బద్దకమొచ్చేస్తాది."

అడుగంటా తోడి, కొబ్బరిపీచుతో తోమి, తడి లేదని అరచెయ్యి చూపించాలి. అప్పుడు గానీ అయ్య దాన్ని భుజం మీదకెక్కించుకునేవాడు కాదు. ఆ భుజం చేపల వాసన వేసేది. అసిరికి లోకంలో అంత ఇష్టమైన వాసన ఇంకోటి లేదు.

ఆ తర్వాత శ్రావణమాసం వచ్చింది. ఆ పాలెంలో మగవాళ్ళు చాలామంది ఏటా శ్రావణంలో రైలెక్కి దేశానికి అవతలి ఒడ్డునున్న వెరావల్‌కి వెళ్ళిపోతారు. అక్కడ ఇంకొకరి పెద్ద పడవల మీద కూలికి వేటాడి, ఎండలు ముదిరే వేళకి తిరిగొస్తారు. ఇక్కడ దొరికే చేపతో ఇల్లు గడవదు మరి.

అయ్య వెళ్ళే ముందు పడవని అలలందనంత దూరం లాగించి, దుంగల మీద నిలబెట్టాడు. సొట్టల గిన్నెని పడవ ముక్కులో దోపాడు.

"నానొచ్చేదాకా నువ్వే సూసుకోవాల," అన్నాడు.

"ఎప్పుడొస్తావు?"

"మామిడి పిందెలు రాలినప్పుడు."

అయ్య వెళ్ళాక అసిరి పాలెమంతా తిరిగింది. సరుగుడు చెట్లున్నాయి, జీడిమామిడి ఉంది, తాటిచెట్లున్నాయి. మామిడిచెట్టు ఒక్కటీ లేదు. ఇంక పిందెలు రాలినట్టు దానికెలా తెలుస్తుంది, చెప్పు?

ఆ పాలెంలో ఒక పట్టింపు ఉండేది. మనిషి ఊళ్ళో లేనప్పుడు అతని పడవని బోర్లించకూడదు. బోర్లా పడిన పడవంటే మునిగిన పడవే కదా. ఇక్కడ పడవ బోర్లా పడితే అక్కడ నీళ్ళ మీద మనిషికి కీడని వాళ్ళ భయం. బోర్లించడం సరే, అసలు ఎక్కకూడదు కూడా. మనిషి ఎలా వదిలి వెళ్ళాడో అలాగే ఉంచాలి. మామ్మ ఈ సంగతి అసిరికి మూడుసార్లు చెప్పింది. మూడోసారి చెవి మెలిపెట్టి చెప్పింది.

అప్పుడు వానలు పట్టుకున్నాయి. పడవలో నీళ్ళు నిలిచాయి. వాననీళ్ళు, తేటగా, అడుగున వేసిన చెక్కలు కనబడేంత తేటగా. అసిరి రోజూ దుంగ మీద నిలబడి అంచు మీంచి లోపలికి తొంగిచూసేది. నీళ్ళలో దాని మొహం కనబడేది, వెనక ఆకాశం కనబడేది. పక్కన ఇంకో మొహం ఉండాల్సిన చోట ఉత్త మబ్బు.

ఒకరోజు ఆ నీళ్ళలో ఏవో కదిలాయి. నల్లగా, సన్నగా, జీలకర్ర గింజల్లా ఉన్నాయి. మెలికలు తిరుగుతూ కిందకి దిగేవి. మళ్ళీ పైకొచ్చి, తోకని నీటి పైకి ఆనించి, తలకిందులుగా వేలాడేవి.

"సేపపిల్లలు!" అని అరిచింది అసిరి.

పక్కింటి కుర్రాడు గురువులు వచ్చి చూశాడు. "ఇయ్యేటి సేపలే? మొప్పలేవి? రెక్కలేవి?"

"ఇంకా మొలవలేదు. మా అయ్య పంపినాడు."

"ఎలాగ? వానలోనా?"

"వాన సంద్రంలోంచే గదా వస్తాది! మీ పంతులు సెప్పలేదేటి?"

గురువులు నెత్తి గోక్కుంటూ ఇంటికి పోయాడు.

అప్పటి నుంచీ అసిరి రోజూ కాస్త తవుడు తెచ్చి నీళ్ళలో చల్లేది. మామ్మకి చూపు ఆనదు, అమ్మకి తీరిక లేదు. కాబట్టి చూసి కాదనేవాళ్ళే లేకపోయారు. అది ఆ పిల్లలతో మాట్లాడేది. బేగి ఎదగండి, అనేది. మీరు మూరెడు మూరెడు ఎదిగితే పడవ నిండా చేపలే. పడవ నిండా చేపలుంటే అయ్యకి మళ్ళీ రైలెక్కే పనుండదు.

అదీ దాని లెక్క. నవ్వకు. నీకు తెలిసినవి దానికి తెలియవు.

ఆ తర్వాత గురువులు పట్నంలో పెళ్ళికి వెళ్ళి జ్వరంతో తిరిగొచ్చాడు. కళ్ళ వెనక నొప్పి, ఎముకలన్నీ విరిచేసినట్టు నొప్పి. వాడికి నెమ్మదించింది. కానీ కొన్నాళ్ళకి వాళ్ళమ్మకి అదే జ్వరం. మళ్ళీ కొన్నాళ్ళకి ఆ వరసలో ఇంకో రెండిళ్ళలో.

అప్పుడు సరోజ వచ్చింది. సరోజ ఆ పాలెం కోడలే, ఆశా కార్యకర్త. దాని గొంతు ముందొస్తుంది, మనిషి తర్వాత వస్తుంది.

"రక్త పరీక్షలో తేలిపోనాది. ఇది డెంగీ," అంది అందరినీ పోగేసి. "అమ్మవారు కాదు, దిష్టి కాదు, ముట్టుకుంటే అంటుకునేదీ కాదు. దోమ మోస్తాది. జ్వరమున్నోల్ల నెత్తురు తాగి, కొన్నాళ్ళు కడుపులో దాచుకుని, ఇంకోల్లకి అంటిస్తాది. మన వీధిలో సాడీలు మోసేవోల్లు లేరేటి? అలాగే, ఈ ఇంట్లో విన్నది ఆ ఇంట్లో ఊదుతాది."

"నువ్వే గదే ఆ సాడీలు మోసేదానివి!" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. సరోజ కూడా నవ్వింది. కానీ ఆపలేదు.

"ఇది రాత్రి దోమ కాదు, పగటి దోమ. మురుక్కాలవలో పుట్టదు, దీనికి శుభ్రం ఎక్కువ. తేటగా నిలవున్న నీళ్ళే కావాల. మూతల్లేని డ్రమ్ములు తోమండి. ఐసు పెట్టెలు, టైర్లు, కొబ్బరి చిప్పలు, అన్నీ ఒంపండి."

అందరూ ఒంపారు. ఒంపి ఒంపి చివరికి దానయ్య పడవ దగ్గరికి వచ్చారు. సరోజ లోపలికి చూసి నోటి మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మో! పాలెం మొత్తానికి దోమలు ఇక్కడే తయారవుతున్నాయి. బోర్లించండి!"

మామ్మ కర్ర అడ్డం పెట్టింది. "నా కొడుకు నీళ్ళ మీదున్నాడు. పడవ ముట్టుకున్నారంటే మీ సేతులు ఇరగ్గొడతాను."

అది మొదటిసారి. రెండోసారి సరోజ ఒక్కతే వచ్చింది, నీళ్ళలో వేసే మందు తెచ్చింది. అసిరి ఆ పొట్లం లాక్కుని పరిగెత్తి అలల్లోకి విసిరేసింది. "నా సేపలు సచ్చిపోతాయి!"

"అయ్యి సేపలు కావే పిచ్చి గుంటా! దోమపిల్లలు!"

"అబద్దం!"

మూడోసారి సరోజ నలుగురు మగవాళ్ళని తాళ్ళతో సహా తెచ్చింది. అప్పుడు అసిరి పడవ ముక్కుని రెండు చేతులా కావలించుకుని, బుగ్గ ఆనించి, కళ్ళు మూసుకుంది. ఆ మగవాళ్ళూ చేపలు పట్టేవాళ్ళే. వాళ్ళ అన్నదమ్ములూ వెరావల్‌లోనే ఉన్నారు.  తర్వాత తాళ్ళు చుట్టేశారు.

"సేతులు రావట్లేదు సరోజా," అన్నారు.

ఆ తర్వాత కాములుకి జ్వరం వచ్చింది.

సరోజ కోపమంతా మింగేసి ఆ ఇంటికే ముందు వచ్చింది. డాక్టరు చెప్పినవన్నీ చెప్పింది. జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే వెయ్యాలి. ఒళ్ళు నొప్పులని కొట్లో అమ్మే బిళ్ళలు మింగితే నెత్తురు కారుతుంది, వాటి జోలికి పోకూడదు. గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్ళు తాగుతూనే ఉండాలి. పగలు కూడా తెరలోనే పడుకోవాలి, లేకపోతే దోమ ఈమెని కుట్టి ఇంకొకరికి మోస్తుంది.

"పట్టపగలు తెరేటే, కొత్త పెళ్ళికూతురా?" అంది మామ్మ. అయినా తెర కట్టింది.

"ఇంకోటి, మామ్మా. జ్వరం దిగాక మరీ జాగ్రత్త. కడుపు నొప్పన్నా, వాంతులన్నా, సిగుళ్ళలో నెత్తురు కనబడినా, నా కోసం పరిగెత్తు."

అసిరి అమ్మ ఫోన్ తీసుకుని అయ్యకి చేసింది. అయ్య నడిసముద్రంలో ఉన్నాడు. ఫోన్లో ఎవరో ఆడమనిషి తెలియని భాషలో ఏదో చెప్పింది. అసిరి మళ్ళీ చేసింది. మళ్ళీ ఆవిడే.

"మా అయ్యని ఒక్కసారి పిలవండమ్మా," అంది అసిరి. "మీ దగ్గరే గదా ఉంటాడు." ఆవిడ చెప్పిందే చెప్పింది.

కొన్నాళ్ళకి అమ్మ జ్వరం దిగింది. ఒళ్ళు చల్లబడింది. "తగ్గిపోనాది, తల్లి సల్లగా సూసింది," అని మామ్మ దండం పెట్టుకుంది. అమ్మ లేచి, చేపల గంప సర్దుకుంది. ఇన్నాళ్ళూ పని లేకుండా పడుకున్నాను కదా, పొయ్యి ఎలా వెలుగుతుంది అనుకుంది. గంప నెత్తికెత్తుకోబోయి కడుపు పట్టుకుని కూలబడింది. ఆ తర్వాత వాంతి అయింది. ఆ తర్వాత పుక్కిలించి ఊస్తే నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

అప్పుడు అసిరి సరోజ ఇంటికి పరిగెత్తింది. ఇసుకలో పరిగెత్తితే కాళ్ళు దిగబడతాయి, కలలో పరిగెత్తినట్టే ఉంటుంది. అయినా పరిగెత్తింది.

సరోజ వస్తూనే అంబులెన్సుకి ఫోన్ చేసింది. "జ్వరం దిగితే మంచిదే గదే?" అంది మామ్మ.

"సంద్రం ఉన్నట్టుండి వెనక్కిపోతే, తగ్గింది కదాని దిగుతామేటి మామ్మా? ఇదీ అంతే."

అమ్మని పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. సరోజ తోడు వెళ్ళింది. పిల్లల్ని రానివ్వరన్నారు. ఇంట్లో అసిరీ మామ్మా మిగిలారు. అయ్య చాప ఎప్పటి నుంచో చుట్టి గోడకి ఆనించి ఉంది. ఇప్పుడు దాని పక్కన అమ్మ చాప కూడా నిలబడింది. ఆ రెండు చాపలకేసి చూడలేక అసిరి గోడ వైపు వీపు పెట్టి అన్నం తిన్నది. తిన్నదని మామ్మ అనుకుంది.

తెల్లారాక అది పడవ దగ్గరికి వెళ్ళింది. చెప్పుకోడానికి ఇంకెవరున్నారు? దుంగెక్కి తొంగిచూసింది.

నీళ్ళలో దాని చేపపిల్లలు కొన్ని మారిపోయి ఉన్నాయి. తల లావై, ఒళ్ళు వంకీ తిరిగి, తవుడు వేసినా తినకుండా నీటి పైనే ఊగుతున్నాయి. రెక్కలు మొలుస్తాయి కాబోలనుకుంది. మొలిచాయి. దాని కళ్ళ ముందే ఒకదాని వీపు చిట్లింది. లోపలి నుంచి ఇంకేదో మెల్లగా పైకి లేచింది. నీటి మీద నిలబడి ఒళ్ళారబెట్టుకుంది. చిన్న నల్లటి ఒళ్ళు, కాళ్ళకి వెండి పట్టీలు పెట్టుకున్నట్టు తెల్లటి చారలు.

అది ఎగిరింది. ఎగిరి పడవ పక్క నీడలోకి దిగింది. వాన వెలిసిన పూటల్లా అమ్మ గంప ముందు పెట్టుకుని చేపలు ఏరుకునే నీడ అది.

 ఒక్కటీ చేప కాలేదు. ఏ ఒక్కటీ కాదు.

అప్పుడు అసిరి పడవెక్కింది. ముక్కులో దోపిన సొట్టల గిన్నె లాగింది. తోడడం మొదలుపెట్టింది. తోడి ఎండ పడే ఇసుకలోకి విసిరింది. మళ్ళీ తోడింది. ముక్కు చీదలేదు, కళ్ళు తుడుచుకోలేదు, చేతులు ఖాళీ లేవు.

మామ్మ కర్ర ఊపుకుంటూ వచ్చింది. "దిగవే! దిగు! మీ అయ్యకి కీడే!"

"బోర్లించలేదు మామ్మా."

"ఎక్కకూడదని సెప్పలేదేటే?"

"అయ్య ఉంటే రోజూ తోడతాడా, లేదా?"

"తోడతాడు. తోడకుండా ఎవులుంటారు?"

"తోడకపోతే ఏటవుతాది పడవ?"

మామ్మ నోరు తెరిచింది. చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో పుట్టి, చేపలు పట్టేవాళ్ళ ఇంటికొచ్చిన మనిషి. తోడని పడవ ఏమవుతుందో ఆమెకి తెలియదా? కానీ ఆ మాట నోటితో అనలేకపోయింది.

"మునుగుతాది," అంది అసిరే. "ఇన్నాళ్ళూ మనమే మునగనిచ్చినాం అయ్య పడవని."

మామ్మ కర్ర కింద పెట్టింది. ఇంటికి వెళ్ళి, ఒక తపేలా పట్టుకొచ్చింది. "జరుగు," అంది. చీర కుచ్చెళ్ళు పైకి దోపి పడవెక్కింది. ఇద్దరూ తోడారు. అడుగున చెయ్యి పెడితే పొడిగా తగిలేదాకా తోడారు. ఆ తర్వాత కొబ్బరిపీచూ ఇసుకా వేసి పక్కలన్నీ తోమారు. దోమ గుడ్లు పక్కలకి అంటుకుని ఉంటాయి, నీళ్ళు ఎండినా చావవు, మళ్ళీ వాన పడగానే లేస్తాయి. కాబట్టి ఒంపితే చాలదు, తోమాలి. అసిరికి ఆ సంగతి అప్పటికి తెలియదు. అయ్య తోమించేవాడు కాబట్టి తోమింది.

ఒడ్డున ఇంకా పడవలున్నాయి, ఊళ్ళో లేని మగవాళ్ళవి. వాటన్నిట్లోనూ కాసిన్నో కూసిన్నో నీళ్ళున్నాయి. మొదట గురువులు వాళ్ళమ్మ వచ్చి కాసేపు చూసింది. జ్వరం నుంచి లేచిన మనిషి, నీరసంగా ఉంది. చూసి చూసి ఒక చెంబు తెచ్చుకుని మొగుడి పడవెక్కింది. ఆ తర్వాత ఇంకొకామె. ఆ తర్వాత ఇంకొకామె. పొద్దెక్కేసరికి ఇసుక మీద నిలబడ్డ పడవలన్నిట్లోనూ ఆడవాళ్ళు నీళ్ళు తోడుతున్నారు. దూరం నుంచి చూస్తే పాలెంలో ఆడవాళ్ళందరూ వేటకి వెళ్తున్నారా అనిపించేది. ఒకామె తోడుతూ తోడుతూ, "ఇదిగో, నీ పడవ ఇటున్నాది, ఇంక రా మరి," అంది. నవ్వడానికే అంది. ఎవరూ నవ్వలేదు.

పెద్దాసుపత్రిలో అమ్మకి సెలైన్లు ఎక్కించారు. డెంగీని చంపే మందంటూ ఒకటి లేదు, ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకుంటూ, మనిషి గట్టెక్కేదాకా కాపలా కాయాలంతే. వేళకి తెచ్చారు కాబట్టి సరిపోయిందన్నాడట డాక్టరు. అమ్మ తిరిగొచ్చింది, సగమై తిరిగొచ్చింది. అసిరి వాకిట్లో నిలబడి చూసింది. పరిగెత్తుకెళ్ళి పట్టుకుంటే విరుగుతుందేమోనని మెల్లగా వెళ్ళి పట్టుకుంది. ఆ రోజు గోడ దగ్గర నుంచి ఒక చాప కిందకి దిగింది.

ఆ తర్వాత అయ్య ఫోన్ చేశాడు. వాళ్ళ వేట పడవ అక్కడి రేవుకొచ్చిందిట. అమ్మ మాట్లాడింది, జ్వరమొచ్చింది తగ్గింది అని ఊరుకుంది. ఫోన్ అసిరి చేతికి వచ్చింది. చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయి. చేపల సంగతి చెప్పాలి. ఫోన్లో తెలియని భాష మాట్లాడిన ఆవిడ సంగతి అడగాలి.

"అయ్యా, అక్కడ పిందెలు రాలినాయా?"

"ఇంకా పూతే రాలేదు గుంటా."

"సరే," అంది.

వాన పడితే వాన వెలియగానే, పడకపోతే శుక్రవారం శుక్రవారం, అసిరి పడవ తోడి తోమేది. దానితోపాటు వీధంతా డ్రమ్ములు తోమేది, లేకపోతే సరోజ గొంతు వినాలి. మెల్లగా పాలెంలో కొత్త జ్వరాలు ఆగాయి. చలి వచ్చింది, పోయింది. వానలే లేవు, పడవలో చుక్క నీరు లేదు. అయినా అసిరి శుక్రవారం మానలేదు.

ఒక మధ్యాహ్నం అది బడి నుంచి వస్తూ ఉంటే, పడవ దగ్గర ఒక మనిషి వంగి, లోపల చెయ్యి పెట్టి తడుముతున్నాడు. బక్కగా, నల్లగా, గడ్డంతో ఉన్నాడు. ఇంటికి కూడా వెళ్ళలేదు, సంచీ ఇంకా భుజానే ఉంది.

"నా పడవ ఎవులు ఏసుకెళ్ళినారు?" అని గట్టిగా అరుస్తున్నాడు. "రోజూ నడిసే పడవలాగున్నాదేటిది! నాను లేనప్పుడు దీన్ని ఏటకి తీసుకెళ్ళిందెవులు?"

"నీ కూతురే!" అని గుమ్మంలోంచి మామ్మ కేక వేసింది. "ఇన్నాళ్ళూ ఇసక మీదే నడిపింది!"

అయ్య వెనక్కి తిరిగాడు. అసిరి అక్కడే నిలబడిపోయింది. అప్పుడు అయ్య సంచీలో చెయ్యి పెట్టి, రైలు ప్రయాణానికి వాడిపోయిన ఒక మామిడి పిందె తీసి చూపించాడు. "రాలింది," అన్నాడు.

ఆ తర్వాత అది ఎక్కడ కూర్చుందో నేను చెప్పాలా? భుజం మీదే.

ఎండలు వెళ్ళాయి. మళ్ళీ శ్రావణం వచ్చింది. అయ్య మళ్ళీ రైలెక్కాడు. ఇంకేం చేస్తాడు, చేపలు పడవలో మొలవవు కదా. ఈసారి అసిరి ఎప్పుడొస్తావని అడగలేదు. రైలు వెళ్ళిపోయే వేళకి పడవ దగ్గరికి వచ్చింది. అడుగున అరచెయ్యి పెట్టి చూసింది. పొడిగా ఉంది. అయినా గిన్నె తీసుకుని ఒకసారి నిండా తోడింది. గిన్నెలో ఏమీ లేదు, ఉత్త గాలి. దాన్ని జాగ్రత్తగా అంచు అవతలికి ఒంపింది.

వచ్చాడా అంటావేమిటి? వచ్చాడు. ఏటా వచ్చాడు. పొద్దున్నే లేపుతాను, కుండీల కింద పళ్ళాల్లో నీళ్ళు ఒంపి, తోమాలి మనం. ఇంక కళ్ళు ముయ్యి.

కథ చేరెను కంచికి,
పడవ చేరెను ఒడ్డుకి,
తోడిన నీళ్ళు ఇసుకకి,
తూగే కళ్ళు నిద్దరకి,
దోమ తెరకి అవతలికి,
నువ్వూ నేనూ ఇవతలికి.